చచ్చిపోయినావిడ పేరేమిటి?

మధ్యాహ్నం భోజనాలయి, వంటిల్లు సర్దేసి, కాసేపు నడుం వాల్చేటప్పుడు నా చేతిలో ఒక హత్య వుండాలి. ఈ మాట నాది కాదు, మావారిది. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా నన్ను ఇలాగే పరిచయం చేస్తారు. వాళ్ళు ఒక్క క్షణం బెదిరి, తరవాత నవ్వుతారు. ఆయన మాటలో అబద్ధమేం లేదు లెండి. కొందరికి భోజనం కాగానే వక్కపొడి పడాలి, నాకు డిటెక్టివ్ నవల పడాలి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలలు లెక్కల పుస్తకం మధ్య పెట్టుకుని చదివి, మా అమ్మచేత మొట్టికాయలు తిన్న దగ్గర్నుంచీ మొదలైన జబ్బు ఇది. బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కి కేకలు పెట్టేదాన్ని, పుస్తకంలో పీకలు తెగుతుంటే మాత్రం కాళ్ళు చాపుకుని హాయిగా చదువుకుంటాను. ఇందులో తప్పేమిటని ఏనాడూ అనుకోలేదు, మొన్నమొన్నటి దాకా.

మా అమ్మాయి సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు రెండు ఇంగ్లీషు నవలలు తెచ్చి నా ముందు పడేసింది. రాసినావిడ పేరు ఆన్ పెర్రీ. మొదటిది ‘ది కేటర్ స్ట్రీట్ హ్యాంగ్‌మన్’. 1979లో వచ్చింది. విక్టోరియా రాణి కాలంనాటి లండన్ కథ. షార్లెట్ అని పెద్దింటి పిల్ల. వాళ్ళ వీధిలో వరసగా ఆడవాళ్ళ హత్యలు జరుగుతుంటే, విచారణకి పిట్ అనే పోలీసు ఇన్‌స్పెక్టరు వాళ్ళింటికి వస్తాడు. నలిగిన కోటూ, చెదిరిన జుట్టూ వున్న ఆ మనిషినే చివరికి ఈ పిల్ల కోరి చేసుకుంటుంది. ఆ తరవాత వచ్చిన నవలల్లో, పోలీసుని గుమ్మం ఎక్కనివ్వని ఇళ్ళలో కూడా ఈవిడ టీ బల్ల దగ్గర కూచుని, ఆ మాటా ఈ మాటా చెబుతూ, ఆయనకి కావలసిన సంగతులన్నీ రాబట్టుకొస్తుంది. మనం పేరంటాల్లో చేసే పని అదేగా! నాకు భలే నచ్చింది.

రెండో నవల ‘ది ఫేస్ ఆఫ్ ఎ స్ట్రేంజర్’. ఇది 1990లో వచ్చింది. మంక్ అనే డిటెక్టివు ప్రమాదంలో దెబ్బతిని ఆసుపత్రిలో కళ్ళు తెరుస్తాడు. తానెవరో తనకే గుర్తుండదు. ఆ సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పకుండా ఒక హత్యకేసు విచారణ చేస్తుంటాడు. ఆనవాళ్ళు ఒక్కొక్కటే దొరుకుతుంటాయి. దొరికినకొద్దీ అవి తనవైపే వేలు చూపిస్తుంటాయి. ఈ హత్య నేనే చేశానా? నేను ఎలాంటి మనిషిని? ఇదీ ఆయన భయం. ఆ భయాన్ని ఆవిడ రాసిన తీరు చూసి, ఇంత లోపలికి ఎలా వెళ్ళగలిగింది ఈ మహాతల్లి, అనుకున్నాను.

ఆ మాటే ఫోనులో మా అమ్మాయితో అంటే అది కాసేపు మాట్లాడలేదు. తరవాత, "నీకు తెలుసనుకున్నానమ్మా. ఆవిడ చిన్నప్పుడు ఒక హత్య చేసింది," అంది.

ఆన్ పెర్రీ అసలు పేరు జూలియట్ హ్యూమ్. తండ్రి న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ వూళ్ళో విశ్వవిద్యాలయ కళాశాలకి అధిపతి. జూలియట్‌కి పదిహేనేళ్ళు. పాలిన్ పార్కర్ అని ఒక స్నేహితురాలు, దానికి పదహారు. ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరు వుండేవారు కాదు. ఇద్దరికీ కథల పిచ్చి. తమకే సొంతమైన ఒక రాజ్యాన్ని వూహించుకుని, దానికి రాజుల్నీ రాణుల్నీ, కుట్రల్నీ హత్యల్నీ కల్పించుకుని, రాత్రీ పగలూ నవలలు రాసుకునేవారు. ఇంతలో జూలియట్ తల్లిదండ్రుల కాపరం చెడింది. పిల్లని దక్షిణాఫ్రికా పంపెయ్యాలనుకున్నారు. నేనూ వెళతానంది పాలిన్. వాళ్ళమ్మ ఒప్పుకోదని వాళ్ళకి తెలుసు. 1954 జూన్ 22న ఇద్దరూ కలిసి ఆవిడని వూరిబయట విక్టోరియా పార్కుకి తీసుకెళ్ళారు. మేజోడులో ఇటుక పెట్టి తలమీద కొట్టి చంపేశారు. ఎలా చంపాలో ముందుగానే అనుకుని పాలిన్ డైరీలో రాసుకుంది కూడా. ఆగస్టులో జ్యూరీ ఇద్దరూ దోషులే అంది. వయసు చాలదు కనక వురిశిక్ష తప్పింది. సుమారు ఐదేళ్ళు జైల్లో వుండి విడుదలయ్యారు.

జూలియట్ తరవాత తల్లి రెండో భర్త ఇంటిపేరు పెట్టుకుని ఆన్ పెర్రీ అయింది. హత్యల నవలలు రాసి ఎంతో పేరు తెచ్చుకుంది. 1994లో ఆ పాతకేసు మీద ‘హెవెన్లీ క్రీచర్స్’ అని సినిమా వచ్చినప్పుడు, ఆ పిల్లే ఈ రచయిత్రి అని పత్రికలవాళ్ళు పట్టుకున్నారు. అప్పటికి ఆవిడకి యాభై దాటింది. మంక్ నవల రాసి నాలుగేళ్ళయింది. అంటే, తన గతం ఎక్కడ బయటపడుతుందోనని లోపల్లోపల వణికే మనిషి కథని రాసినావిడకి ఆ వణుకు కల్పన కాదన్నమాట. 2023 ఏప్రిల్‌లో, ఎనభై నాలుగో ఏట పోయింది.

ఇంతవరకూ విని నేనేం చేశానో నిజం చెప్పేస్తాను. ఫోను పెట్టేసి, ఆ పుస్తకాన్ని దూరంగా గిరవాటు వెయ్యలేదు. మళ్ళీ తీసి, మొదటిసారి కంటే ఆత్రంగా చదివాను. ఇక్కడ ఈ మాట రాసేటప్పుడు ఆవిడకి ఏం గుర్తొచ్చివుంటుంది, ఈ రక్తం ఏ రక్తం, అని వెతుక్కుంటూ చదివాను. కూరలో ఇంగువ పడినట్టయింది నాకు. సిగ్గుపడవలసింది అక్కడే, కానీ అప్పుడు సిగ్గనిపించలేదు. సిగ్గు సాయంత్రం వచ్చింది, మా అత్తగారి నోట.

మా అత్తగారికి ఎనభై అయిదు దాటాయి. చూపు ఆనదు. చదువుకోలేరు కనక, నేను చదివిన నవలల కథ సాయంత్రంపూట ఆవిడకి చెప్పడం మా ఇంట్లో మామూలు. ఆవిడ దూది ముందేసుకుని వత్తులు చేసుకుంటూ వింటారు. ఆవేళ నేను నవల కథ చెప్పకుండా ఆన్ పెర్రీ కథ చెప్పాను. ఇటుక ఇటుకే, మేజోడు మేజోడే, రాజ్యం, డైరీ, జైలు, మారుపేరు, సినిమా, అన్నీ రంగరించి, చివరికొచ్చేసరికి గొంతు తగ్గించి, "ఆ పిల్లే అత్తయ్యా, ఈ పుస్తకాలన్నీ రాసింది!" అన్నాను.

ఆవిడ వత్తి చేస్తున్న చెయ్యి ఆపి, "చచ్చిపోయినావిడ పేరేమిటే?" అన్నారు.

నాకు తెలీదు. చంపిన పిల్లలిద్దరి పేర్లూ తెలుసు, వాళ్ళ వయసు తెలుసు, మారుపేరు తెలుసు, నవలల పేర్లు, ఏ ఏడు వచ్చాయో కూడా తెలుసు. తడబడుతూ, "ఆ పాలిన్ వాళ్ళమ్మ అత్తయ్యా," అన్నాను.

"వాళ్ళమ్మ సరే. అమ్మకి పేరుండదుటే?" అన్నారావిడ. మళ్ళీ వత్తులు చేసుకోవడంలో పడ్డారు.

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయిని అడిగి ఆ పేరు కనుక్కున్నాను. ఆనరా. ఇంట్లో గదులు అద్దెకిచ్చి, ఆ అద్దెకున్నవాళ్ళకి వండిపెట్టి సంసారం లాక్కొచ్చిన మనిషి. భర్త చేపల దుకాణం చూసుకునేవాడు. ఆ రోజు పార్కులో నడవబోయే ముందు ముగ్గురూ టీ దుకాణంలో కూచుని టీ తాగారు. ఆ తరవాత ఆవిడ ఆ పిల్లలతో నడిచి వెళ్ళింది. చనిపోయాక కూడా ఆవిడకి మర్యాద దక్కలేదు. ఆవిడకీ, ఆవిడ కాపరం చేసిన ఆయనకీ చట్టప్రకారం పెళ్ళికాలేదన్న సంగతి అప్పుడే బయటపడింది. అందుకే కూతురిపేరు కోర్టు కాగితాల్లో తండ్రి ఇంటిపేరుతో కాక, తల్లి ఇంటిపేరుతో పార్కర్ అని పడింది. చంపినవాళ్ళ విచారణలో చచ్చినావిడ కాపరం బజారున పడిందన్నమాట.

అప్పుడు తెలిసింది నాకు, మా అత్తగారి ప్రశ్న ఎక్కడ గుచ్చుకుందో. ఆ పిల్లలిద్దరూ కథలు రాసుకునేవారని చెప్పానా? వాళ్ళ కథలో వాళ్ళు నాయికలు. ఆ తల్లి ఒక అడ్డంకి. అడ్డంకి తొలగిపోతే కథ ముందుకు నడుస్తుంది. అద్దెకున్నవాళ్ళకి సాయంత్రం భోజనం ఎవరు పెడతారన్న ప్రశ్న ఆ కథలో లేదు. నేను కూడా డెబ్భై ఏళ్ళ తరవాత, మా ఇంటి వసారాలో కూచుని, ఆ కథని అలాగే చెప్పాను. ఆవిడకి పేరు లేకుండా.

ఈ సంగతి మా ఇంట్లో వారంరోజులు నలిగింది. మా అమ్మాయిది ఒకటే మాట: "ఆవిడ పుస్తకాలు కొనకూడదు. హత్య చేసిన మనిషి హత్యలమీద డబ్బు సంపాదించడమేమిటి?" ఎదురింటావిడ రిటైరయిన టీచరు. ఆవిడది రెండో మాట: "కోర్టు వేసిన శిక్ష పూర్తిగా అనుభవించింది. పదిహేనేళ్ళప్పుడు చేసినదానికి ఎనభై నాలుగేళ్ళ దాకా వెంటబడతామా? ఇంక జైళ్ళెందుకు, మారడమెందుకు?" ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. రెండూ నిజమైతే మధ్యలో నేనెక్కడ నిలబడాలో తెలీలేదు. సరే, ఆవిడ ఒక్కతేనా ఇలాంటి రచయిత, ఇంకెవరైనా వున్నారా అని చూడడం మొదలుపెట్టాను. తీగ లాగితే డొంకంతా కదిలింది.

మొదటివాడు విడాక్. 1775లో ఫ్రాన్సులోని అర్రాస్‌లో రొట్టెలు చేసి అమ్మే ఇంట పుట్టాడు. ఇంట్లో డబ్బే కాజేసి పారిపోయాడు. ఎన్నో నేరాలు, ఎన్నో జైళ్ళు, ఎన్నోసార్లు పరారీ. చివరికి పోలీసులకి వేగులవాడై, పారిస్‌లో నేరపరిశోధన విభాగాన్ని తానే పెట్టి నడిపాడు. అందులో తనలాంటి పాతనేరస్థుల్నే కొలువుకి పెట్టుకున్నాడు. పాము కాళ్ళు పాముకే ఎరుక అంటారే, అదీ సంగతి. 1828లో ఆయన జ్ఞాపకాలు అచ్చయితే జనం ఎగబడి చదివారు. విక్టర్ హ్యూగో ‘లే మిజరాబ్ల్’ నవలలో పారిపోయిన ఖైదీ జాన్ వాల్జాన్‌కీ, అతన్ని వెంటాడే పోలీసు జావేర్‌కీ, ఇద్దరికీ ఈ ఒక్క మనిషి జీవితమే ఆధారం అంటారు. ఆ నవలే మన తెలుగులో ‘బీదలపాట్లు’ సినిమా అయింది. 1950లో నాగయ్య గారితో ఒకసారి, 1972లో ఇంకొకసారి. దొంగనీ పోలీసునీ చూసి మన అమ్మమ్మలు కళ్ళొత్తుకున్నారు. ఆ ఇద్దరూ ఒక మనిషిలోంచి వచ్చారని పాపం వాళ్ళకేం తెలుసు!

తరవాత ఓ హెన్రీ. ఈయన కథలు చదవనివాళ్ళు మనలో తక్కువ. అసలు పేరు విలియం సిడ్నీ పోర్టర్. బ్యాంకులో పనిచేసేటప్పుడు డబ్బు తేడా వచ్చి కేసయితే, భయపడి హోండురాస్ దేశం పారిపోయాడు. భార్య క్షయతో మంచాన పడి చావుబతుకుల్లో వుందని తెలిసి తిరిగొచ్చి లొంగిపోయాడు. ఆవిడ 1897లో పోయింది. ఆయన 1898 నుంచి మూడేళ్ళపైన ఒహాయో జైల్లో వున్నాడు. జైలు ఆసుపత్రిలో మందులు కలిపిచ్చేవాడు. రాత్రిళ్ళు కథలు రాసేవాడు. నాన్న ఎక్కడని అడిగిన కూతురికి, వ్యాపారంమీద పైవూరు వెళ్ళాడని చెప్పారు. ఆయన రాసిన ఒక కథలో ఇనప్పెట్టెలు బద్దలుకొట్టే దొంగ, బుద్ధిగా మారి పెళ్ళాడబోయే వేళ, బ్యాంకు ఇనపగదిలో ఒక పసిపిల్ల చిక్కుకుంటుంది. తన పాత పనిముట్లు బయటికి తీస్తే తానెవరో అందరికీ తెలిసిపోతుంది. తియ్యకపోతే పిల్ల చచ్చిపోతుంది. తీస్తాడు. ఆ కథ జైలు చూడని మనిషి కూడా రాయగలడేమో గాని, ఆ దొంగ కోటు విప్పే క్షణం బరువు ఆయనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు.

ఇక డాషియల్ హామెట్. ఈయన ముందు పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివు కంపెనీలో పనిచేసి, ఆ అనుభవంతో ‘ది మాల్టీస్ ఫాల్కన్’ లాంటి నవలలు రాశాడు. చిత్రమేమిటంటే, జనం రహస్యాలు కనిపెట్టడం వృత్తిగా బతికిన ఈ మనిషి, 1951లో, ఒక జామీను నిధికి చందా ఇచ్చినవాళ్ళ పేర్లు చెప్పమని కోర్టు అడిగితే చెప్పనన్నాడు. కోర్టు ధిక్కారం కింద జైలుకి వెళ్ళాడు. అంచేత జైలుకెళ్ళినవాళ్ళందర్నీ ఒకే తాడుకి కట్టడానికి వీల్లేదు. తక్కువపడిన డబ్బు వేరు, బిగించుకున్న నోరు వేరు, మేజోడులో ఇటుక వేరు.

మరి పోలీసులు? మనదేశంలోనే, కలకత్తా డిటెక్టివు పోలీసుశాఖలో ముప్ఫై ఏళ్ళు దాటి పనిచేసిన ప్రియనాథ ముఖోపాధ్యాయ, 1892 నుంచి తన కేసుల్ని ‘దారోగార్ దఫ్తర్’ అనే పేరుతో బెంగాలీలో వరసగా అచ్చువేశారు. అమెరికాలో జోసెఫ్ వాంబా 1960 నుంచి 1974 వరకూ లాస్ ఏంజిలిస్ పోలీసుల్లో వుంటూనే నవలలు రాశాడు. ఆయన 2025లో పోయాడు. ఆయన పుస్తకం ఒకటి ‘ది ఆనియన్ ఫీల్డ్’. అది జరిగిన కథే. 1963లో ఇద్దరు దొంగలు ఇద్దరు పోలీసుల్ని పట్టుకుపోయి, ఉల్లిపాయల చేలో ఒకర్ని కాల్చి చంపారు. రెండో ఆయన చీకట్లో పరిగెత్తి బతికాడు. హత్య చేసింది ఎవరో మొదటే తెలుసు, పట్టుకున్నారు కూడా. మామూలు డిటెక్టివు నవలైతే అక్కడితో ఆఖరి పేజీ. ఈయన అక్కడ ఆగలేదు. చచ్చిపోయినాయన ఎలాంటి మనిషో చెప్పాడు. బతికినాయన, నీ తుపాకీ ఎందుకు ఇచ్చేశావని తోటివాళ్ళే ఎత్తిపొడుస్తుంటే, లోపల్లోపలే ఎలా కుంగి చెడిపోయాడో ఏళ్ళ తరబడి వెంట నడిచి చెప్పాడు. ఒక్క గుండుకి ఇద్దరు మనుషులు పోయారని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది.

ఇవన్నీ చూసి, ఎదురింటావిడ మాటే నెగ్గిందని నేను అనుకోబోతున్నాను. అనుభవం వుంది, కలం వుంది, రాశారు, మంచిదేగా! అప్పుడు ఎదురైంది ఆస్ట్రియా దేశపు జాక్ ఉంటర్‌వేగర్ కథ.

ఇతను 1974లో ఒక అమ్మాయిని చంపి యావజ్జీవ శిక్ష పడ్డవాడు. జైల్లో చదువుకున్నాడు, తన జీవితాన్ని పుస్తకంగా రాశాడు. కథలు, నాటకాలు రాశాడు. ఇంత చక్కగా రాసే మనిషి మారకుండా వుంటాడా అని, పెద్ద పెద్ద రచయితలు అతన్ని వదలమని అర్జీలు పెట్టారు. 1990లో వదిలారు. రేడియోలో, పత్రికల్లో పని దొరికింది. అప్పట్లో వియన్నాలో ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళు వరసగా హత్యకి గురవుతుంటే, ఆ హత్యల సంగతి విచారించి వార్తలు రాసింది కూడా ఇతనే. చంపుతున్నదీ ఇతనే అని తరవాత తేలింది. 1994 జూన్‌లో జ్యూరీ తొమ్మిది హత్యల్లో దోషి అంది. ఆ రాత్రే జైల్లో వురేసుకున్నాడు. ఆన్ పెర్రీ సంగతి బయటపడిందీ ఆ ఏడాదే.

ఆ అర్జీలు పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ పొరపాటల్లా, మంచి వాక్యం రాసేవాడు మంచివాడే అయివుంటాడనుకోవడం. నాకూ ఆ పొరపాటు అలవాటే. కథ చదివి కన్నీళ్ళు పెట్టుకుంటే, రాసినాయన మనసు వెన్న అనుకుంటాను. వంట బావుంటే వండినావిడ మంచిదే అయివుంటుందని ఎవరైనా అంటే మాత్రం నవ్వుతాను! కలం పనితనానికీ మనసు మారడానికీ మధ్య గొలుసేమీ లేదు. అలాగే, హత్య చేసినవాళ్ళే హత్య గురించి బాగా రాస్తారనేదీ ఉత్తమాట. అగాథా క్రిస్టీ ఎవర్నీ చంపలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసి, ఏ సీసాలో ఏ విషముందో నేర్చుకుంది. ఆ జ్ఞానంతో జీవితమంతా కాగితంమీదే చంపింది.

మరి ఏమిటి కొలత? నేరం చేసినవాడి రాతని చదవాలా వద్దా? ఇది మా అత్తగారినే అడిగాను.

ఆవిడ నవ్వి, "వాల్మీకి బోయవాడుట కదే. మనం రామాయణం చదువుకోవడం లేదూ?" అన్నారు.

దారికాచి జనాన్ని దోచుకునే బోయవాడి కథ రామాయణంలో లేదు, జనం చెప్పుకునేది. నీ పాపంలో మీవాళ్ళు పాలు పంచుకుంటారేమో అడిగిరమ్మని మునులు పంపితే, పెళ్ళాం పిల్లలు మాకేం సంబంధం అన్నారట. ఈ కథ మనందరికీ తెలుసు. కాని ఆ సాయంత్రం నాకు గుర్తొచ్చింది దాని తరవాతి కథ, రామాయణంలో వున్నదే. నదీతీరాన జంటగా వున్న క్రౌంచపక్షుల్లో ఒకదాన్ని వేటగాడు కొట్టాడు. రెండోది ఏడిచింది. అది చూసి ఆయన నోటివెంట మొదటి శ్లోకం వచ్చింది. ఒకప్పుడు తానూ బాణం వేసినవాడే అనుకున్నామా, అప్పుడు ఆయన వేటగాడి గురి బావుందని రాయలేదు, ఆ బాణం వేసేటప్పుడు చేతికి ఎలా వుంటుందో రాయలేదు. చచ్చిన పిట్టవైపు, ఏడిచే పిట్టవైపు నిలబడి రాశాడు. కొలత వుంటే అదే అయివుండాలి. రాసినవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడన్నది కాదు, రాసేటప్పుడు ఎవరివైపు తిరిగి నిలబడ్డాడన్నది.

వాంబా ఆ కొలతకి నిలుస్తాడు. ఉంటర్‌వేగర్ నిలవడు, అతని పుస్తకమంతా తన కష్టమే. ఆన్ పెర్రీ? నాకు తేలలేదు. మంక్ భయంలో నిజముంది, తన గతాన్ని తాను విచారించుకునే మనిషి నొప్పి వుంది. ఆ నొప్పికి నేను చెయ్యి జోడిస్తాను. కాని అది చంపినవాడి నొప్పి. టీ తాగి, ఆ పిల్లల్ని నమ్మి, వాళ్ళ పక్కనే నడిచివెళ్ళిన ఆనరాది కాదు.

ఆవిణ్ణి క్షమించాలా అని మా అమ్మాయి అడుగుతుంది. క్షమించడానికి నేనెవర్ని? నాకేం పోయింది గనక? ఆ హక్కు వున్న మనిషి 1954లోనే పోయింది. శిక్షించడానికీ నేనెవర్ని? ఆ పని కోర్టు చేసింది. పాఠకురాలిగా నా చేతిలో వున్నది చాలా చిన్నది. అది కూడా నేను సరిగ్గా చెయ్యలేదు. పుస్తకంలోనైనా, పేపర్లోనైనా చచ్చిన మనిషిని మొదటి పేజీలోనే వదిలేసి, ‘ఎవరు చంపారు, ఎవరు చంపారు’ అంటూ చంపినవాడి వెంట పరిగెత్తాను. మన పేపర్లు మాత్రం తక్కువా? ‘వివాహిత దారుణ హత్య’, ‘వృద్ధురాలి హత్య’ అని రాస్తారు. వివాహితకి ఒక పేరుంది, ఆ పూట పొయ్యిమీద ఏదో పెట్టి వుంటుంది, ఎవరో ఆమెకోసం ఎదురుచూస్తుంటారు అని నేను ఏనాడైనా ఆగానా? కాఫీ తాగుతూ కిందివార్త చదివాను.

డిటెక్టివు నవలలు మానేశానా అంటే, లేదు. మానేస్తానని ఒట్టు వేసినా మావారు నమ్మరు. ఆన్ పెర్రీ పుస్తకాలు రెండూ బీరువాలోనే వున్నాయి. మొదటి పేజీ మీద పెన్సిలుతో ‘ఆనరా’ అని రాసి పెట్టాను. నా తరవాత ఎవరు తీసినా ముందు ఆ పేరు చదివి లోపలికి వెళతారు.

నిన్న సాయంత్రం కొత్త నవల కథ మొదలుపెట్టాను. "ఒక పెద్ద బంగళా అత్తయ్యా. పొద్దున్నే పనిమనిషి తలుపు తీసేసరికి ఆ ఇంటి యజమానురాలు నేలమీద పడివుంది. పోలీసులొచ్చారు..."

"ఆగాగు," అన్నారావిడ, వత్తి చేస్తున్న చెయ్యి పైకెత్తి. "పోలీసులు తరవాత వద్దురు గాని, ఆవిడకి పిల్లలున్నారా?"

పుస్తకం మళ్ళీ మొదటికి తిప్పి వెతికాను. రాసినాయన ఆ సంగతి ఎక్కడా రాయలేదు.